గైడులో జవాబు లేని ప్రశ్న



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు నేను "చదువు విలువ" గురించో "క్రమశిక్షణ" గురించో రాస్తానని అందరూ అనుకున్నారు. వాటి మీద మన పత్రికలో ఏటా మంచి వ్యాసాలు వస్తూనే వున్నాయి. అందుకని ఈసారి నేను చదువుతున్న విషయం గురించే రాస్తున్నాను. అది న్యూట్రాన్ నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు. పేరు చూసి పేజీ తిప్పేయకండి. మీకు ఇంటర్ ఫిజిక్సు వస్తే చాలు, రాకపోయినా పరవాలేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ అడిగింది. "నువ్వు చదివే ఆ చుక్క మనకు కూడు పెడతదా మా?" అని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత హాస్టల్‌కు వచ్చినప్పుడు పదో తరగతి చెల్లెలు ఒకామె, "అక్కా, ఇలాంటివి మనలాంటి వాళ్ళం కూడా చదవొచ్చా?" అని అడిగింది. అమ్మ ప్రశ్న కంటే ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అమ్మ ఆకలి తెలిసి అడిగింది. చెల్లెలు మాత్రం ఆ తలుపు మనకు మూసే వుంటుందని ముందే నమ్మి అడిగింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జవాబు తెలిసిపోయిన ప్రశ్నలు మనం బట్టీ పట్టాలి, జవాబు తెలియని ప్రశ్నలు వేరే ఇళ్ళ పిల్లలు చూసుకుంటారు అనే పంపకం ఒకటి మన మధ్య ఎవరూ రాయకుండానే నడుస్తూ వుంది. ఆ పంపకం అన్యాయం. దాన్ని మనం ఒప్పుకోకూడదు. ఎందుకో చెప్పడానికి ఇంకా జవాబు తేలని ఒక ప్రశ్ననే మీ ముందు పెడతాను.

ఏమిటీ నక్షత్రం?

సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రం తన ఇంధనం అయిపోయాక పేలిపోతుంది. పై పొరలు చెల్లాచెదరవుతాయి. నడిమి భాగం తన బరువుకు తానే కుంగిపోతుంది. మరీ బరువైతే కృష్ణబిలం అవుతుంది. కాకపోతే న్యూట్రాన్ నక్షత్రంగా మిగులుతుంది. ద్రవ్యరాశి సూర్యుడికి 1.4 రెట్లు వుండొచ్చు. వ్యాసార్థం మాత్రం 12 కిలోమీటర్ల చుట్టుపక్కలే. మన సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే దారి ఎంతో, ఆ నక్షత్రం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అంతకంటే కొంచెమే ఎక్కువ. సూర్యుణ్ణి మించిన బరువు అంత చిన్న జాగాలో కూరినట్టు. ఆ పదార్థం ఒక చెంచాడు తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుంది.

ఇలాంటి నక్షత్రాలు కొన్నింటికి పక్కనే ఇంకో మామూలు నక్షత్రం జంటగా వుంటుంది. న్యూట్రాన్ నక్షత్రం ఆ జంట నక్షత్రం నుంచి వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు తిన్నగా పడదు. తొట్టి అడుగున బెజ్జం తీస్తే నీళ్ళు సుడి తిరుగుతూ దిగినట్టు, పళ్ళెం ఆకారంలో చుట్టూ తిరుగుతూ లోపలికి జారుతుంది. జారే కొద్దీ వేగం పెరుగుతుంది, రాపిడికి కోటి డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అంత వేడికి వచ్చే వెలుగు ఎక్స్ కిరణాలే.

మన గాలి పొర ఎక్స్ కిరణాలను నేల దాకా రానివ్వదు. కాబట్టి వాటిని చూడాలంటే పైకి పోవాలి. 1962 జూన్‌లో రికార్డో జియాకోని బృందం అమెరికాలో ఒక రాకెట్ ఎగరేసి, వృశ్చిక రాశి వైపు నుంచి ఎక్స్ కిరణాలు వస్తున్నాయని కనిపెట్టింది. ఆ చుక్క పేరు స్కార్పియస్ ఎక్స్-1. మనకు 9,000 కాంతి సంవత్సరాల దూరంలో వుంది. ఈ రంగంలో చేసిన కృషికి జియాకోనికి 2002లో నోబెల్ వచ్చింది. మన వాళ్ళూ వెనకబడలేదు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1960ల చివర్లోనే హైదరాబాద్ నుంచి పెద్ద బెలూన్లు ఎగరేసి, అదే స్కార్పియస్ ఎక్స్-1 నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను కొలిచారు.

సెకనుకు వెయ్యి సార్లు

1995 డిసెంబరు 30న అమెరికా రోసీ అనే ఉపగ్రహాన్ని పంపింది. దాని ప్రత్యేకత ఫొటోలు తీయడం కాదు. ఒక్కొక్క ఎక్స్ కిరణం ఎప్పుడు వచ్చి తగిలిందో మైక్రోసెకన్ల లెక్కన టైము రాసుకోవడం. గేటు దగ్గర రిజిస్టరులో ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసినట్టన్న మాట.

ఆ రిజిస్టరును 1996లో విప్పి చూస్తే ఆశ్చర్యం. స్కార్పియస్ ఎక్స్-1 లోనూ, 4యు 1728-34 అనే ఇంకో చోటా ఎక్స్ కిరణాల వెలుగు సెకనుకు కొన్ని వందల నుంచి వెయ్యికి పైగా సార్లు హెచ్చుతగ్గులవుతోంది. మొదటిది ఆమ్‌స్టర్‌డామ్‌లో మైఖేల్ వాన్ డర్ క్లిస్ బృందం చూసింది. రెండోది అమెరికాలో టాడ్ స్ట్రోమేయర్ బృందం చూసింది. తర్వాత ఇలాంటి చాలా న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర ఇదే కనిపించింది. తరచుగా ఒకటి కాదు, రెండు కంపనాలు జంటగా వస్తాయి. (4యు లోని "యు" అంటే యుహురు. 1970లో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉపగ్రహం అది. ఆ దేశపు స్వాహిలీ భాషలో ఆ మాటకు స్వేచ్ఛ అని అర్థం.)

ఇంటర్ ల్యాబులో అనునాద ప్రయోగానికి వాడే శృతిదండాలు గుర్తున్నాయా? వాటిలో బాగా కీచుగా మోగేది 512 హెర్ట్జ్‌ది. ఈ నక్షత్రం దగ్గరి కంపనాలు అంతకంటే రెట్టింపు దాకా పోతాయి. వాటినే శబ్దంగా మార్చితే మన చెవికి ఈల లాగా వినపడతాయి.

అయితే ఈ కంపనం గడియారంలా కచ్చితంగా వుండదు. కరెంటు బెల్లు ఒకే తీరున మోగుతుంది. మన వాచ్‌మెన్ తాత రైలు పట్టా ముక్క మీద కొట్టే గంట కొంచెం ముందూ వెనకా అవుతుంది, అయినా అది గంటేనని తెలిసిపోతుంది. ఈ కంపనాలు తాత గంట లాంటివి. 800 దగ్గర మొదలై మెల్లగా 850కి జరగొచ్చు. అందుకే వీటిని దాదాపు ఆవర్తన డోలనాలు అంటారు. శాస్త్రవేత్తల వాడుకలో క్యూ.పి.ఓ.లు.

ఇంటర్ సూత్రం చాలు

అంత వేగంగా ఏది ఊగగలదు? ఎక్కువ మంది చెప్పే మాట ఇది: పళ్ళెం లోపలి అంచున వాయువు నక్షత్రం చుట్టూ తిరుగుతోంది, జంటలో ఎక్కువ పౌనఃపున్యం వున్నది ఆ ప్రదక్షిణల లెక్క. సరే అనుకుని మనమే లెక్క వేద్దాం. మనకు తెలిసిన సూత్రమే. గురుత్వాకర్షణ బలమే అభికేంద్ర బలం. ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగే లెక్కలో భూమి బదులు 1.4 సూర్యుల ద్రవ్యరాశి పెట్టండి. స్కార్పియస్ ఎక్స్-1 లో కనిపించినట్టు సెకనుకు 1,100 ప్రదక్షిణలు అనుకోండి. కక్ష్య వ్యాసార్థం సుమారు 16 కిలోమీటర్లు వస్తుంది. వేగం సెకనుకు లక్ష కిలోమీటర్లకు పైన. కాంతి వేగంలో మూడో వంతు కంటే ఎక్కువ!

భూమి సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టడానికి ఏడాది పడుతుంది. అక్కడ ఒక్క సెకనులో 1,100 చుట్లు. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ వాయువు 16 కిలోమీటర్ల దగ్గర తిరుగుతున్నదంటే, నక్షత్రం వ్యాసార్థం అంతకంటే తక్కువే అయి వుండాలి. వేల కాంతి సంవత్సరాల దూరంలో వున్న దాని సైజుకు హద్దు పెట్టడానికి మనకు కావలసింది ఒక పౌనఃపున్యం, ఒక ద్రవ్యరాశి అంచనా, ఇంటర్ సూత్రం. నేను ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశాననుకుని మూడుసార్లు మళ్ళీ వేశాను. బోర్డు పరీక్షకు బట్టీ పట్టిన సూత్రం అంత దూరం పోతుందని నాకెవరూ చెప్పలేదు.

ఐన్‌స్టీన్ గీసిన గీత

న్యూటన్ లెక్కలో ఎంత దగ్గరి కక్ష్య అయినా సరే, తగినంత వేగం వుంటే తిరుగుతూనే వుండొచ్చు. ఐన్‌స్టీన్ 1915లో పూర్తి చేసిన సాధారణ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం అలా కుదరదు. బరువైన, ఇరుకైన వస్తువు చుట్టూ ఒక గీత వుంటుంది. దానికి లోపల స్థిరమైన గుండ్రటి కక్ష్య వుండదు. గీత దాటిన వాయువు ఎంత వేగంగా తిరుగుతున్నా లోపలికి పడిపోవాల్సిందే. తిరగని 1.4 సూర్యుల నక్షత్రానికి ఆ గీత 12.4 కిలోమీటర్ల దగ్గర వుంటుంది. అక్కడ ప్రదక్షిణలు సెకనుకు 1,570. ద్రవ్యరాశి రెండు సూర్యులంత అయితే గీత 17.7 కిలోమీటర్లకు జరుగుతుంది, ప్రదక్షిణలు 1,100కు తగ్గుతాయి.

ఇందులో గొప్ప ఏముందంటే, బలమైన గురుత్వాకర్షణను పరీక్షించే చోటు మన దగ్గర ఎక్కడా లేదు. ఆకర్షణ ఎంత బలంగా వుందో చూపించే కొలత ఒకటుంది. సూర్యుడి ఉపరితలం దగ్గర అది పది లక్షలకు రెండు. న్యూట్రాన్ నక్షత్రం దగ్గర నూటికి పదిహేడు. బుధగ్రహం కక్ష్య న్యూటన్ చెప్పిన దానికంటే వందేళ్ళకు 43 ఆర్క్ సెకన్లు ఎక్కువ జరుగుతుందన్న చిన్న తేడా ఐన్‌స్టీన్‌కు మొదటి సాక్ష్యమయింది. అదే జరుగుడు న్యూట్రాన్ నక్షత్రం పక్కన సెకనుకు కొన్ని వందల చుట్లు పూర్తి చేస్తుంది. బడిలో సున్నితమైన త్రాసుతో వెతకాల్సిన తేడా అక్కడ ఎదురుగా నిలబడి వుంటుంది.

తేలని తగాదా

మరి గీత కనిపించిందా? ఇక్కడే అసలు కథ.

1998లో ఒక బృందం కనిపించిందని అంది. 4యు 1820-30 లో వెలుగు పెరిగే కొద్దీ పౌనఃపున్యం పెరిగి, 1,060 దగ్గర ఆగిపోయింది. వాయువు ఇక లోపలికి రాలేకపోతోంది కాబట్టి అదే ఐన్‌స్టీన్ గీత, అలాగైతే నక్షత్రం ద్రవ్యరాశి రెండు సూర్యులకు పైన అన్నారు. ఇంకొందరు ఒప్పుకోలేదు. ఇలాంటి నక్షత్రం ఒకే వెలుగుతో వున్నా వేరే వేరే రోజుల్లో వేరే వేరే పౌనఃపున్యాలు చూపిస్తుంది, కాబట్టి వెలుగును నమ్మి గీత గీయలేమన్నారు. 2005, 2006 ప్రాంతంలో మళ్ళీ ఒక వాదన వచ్చింది. పౌనఃపున్యం ఒక స్థాయి దాటాక కంపనం పదును హఠాత్తుగా తగ్గుతోంది, గీత దగ్గర జరగాల్సింది అదే అన్నారు. పదును తగ్గడానికి వేరే కారణాలూ వుండొచ్చని ఎదుటి వారు అన్నారు.

జంట కంపనాల సంగతీ అంతే. రెండింటి మధ్య తేడా నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే లెక్కతో సమానమని మొదట ఒక అందమైన సిద్ధాంతం వచ్చింది. 4యు 1728-34 సెకనుకు 363 సార్లు తిరుగుతుందని దాని పేలుళ్ళ వల్ల తెలిసింది, తేడా కూడా ఆ దగ్గరలోనే వుంది. కానీ స్కార్పియస్ ఎక్స్-1 లో తేడా ఒకచోట నిలవకుండా మారుతోంది. 2003లో ఇంకో నక్షత్రం దగ్గర, అది తిరిగేది 401 సార్లని తెలిసి వుండగా, తేడా అందులో సగమే వచ్చింది. అందమైన సిద్ధాంతం ఆ రూపంలో నిలవలేదు. కక్ష్య జరుగుడే రెండో కంపనం అనే సిద్ధాంతం వుంది. అది సరిపోవాలంటే ఈ నక్షత్రాలు ఇంచుమించు రెండు సూర్యులంత బరువుండాలి. అంత బరువు న్యూట్రాన్ నక్షత్రం వుండగలదని 2010లో ఒక పల్సార్‌ను తూచినప్పుడు తెలిసింది. కానీ ఇవన్నీ అంత బరువేనా? అనునాదం వల్ల అనే సిద్ధాంతం కూడా ఒకటుంది. ముప్పై ఏళ్ళు కావస్తున్నా తగాదా తేలలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కంపనం వుందనే దానిలో ఎవరికీ అనుమానం లేదు. అది కొలత. అది ప్రదక్షిణ అనేది బలమైన ఊహ. అది ఐన్‌స్టీన్ గీత అనేది ఇంకా రుజువు కావాల్సిన మాట. ఈ మూడింటినీ విడదీసి చెప్పగలగడమే సైన్సు. ఎవరైనా పెద్ద మాట చెప్పినప్పుడు, "ఇందులో చూసింది ఎంత, అనుకున్నది ఎంత?" అని అడగగలిగితే, అది పరీక్షలోనే కాదు, రేషన్ షాపులో, పంచాయతీ ఆఫీసులో, ఓట్ల మీటింగులో కూడా పనికొస్తుంది.

ఇది మనకెందుకు?

మనం చదివే పద్ధతిలో ఈ అలవాటు ఎక్కడుంది? సాయంత్రం స్టడీ అవర్‌లో గైడు తెరుస్తాం. ప్రశ్న పక్కనే జవాబు వుంటుంది. నాలుగు మార్కులకు నాలుగు పాయింట్లు. పది చదువుల్లో తొమ్మిది అంతే. నేనూ అలాగే చదివి మార్కులు తెచ్చుకున్నాను, ఆ మార్కుల వల్లే సీటు వచ్చింది, కాబట్టి గైడును తిట్టను. కానీ ఎమ్మెస్సీలో చేరాక ఒక పెద్దాయన నాతో, "మీ వాళ్ళు థియరీ జోలికి పోకుండా ఏదైనా జాబ్ కోర్సు చేసుకుంటే మంచిదమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, నా మంచి కోరే అన్నాడు. అయినా ఆ "మీ వాళ్ళు" అనే మాటలో నేను ఇందాక చెప్పిన పంపకం మొత్తం వుంది.

కొందరు స్నేహితురాళ్ళు ఇంకో వైపు నుంచి అడుగుతారు. బాత్‌రూములకు తలుపులు సరిగా లేని హాస్టళ్ళున్నాయి, మెస్ ఛార్జీల కోసం ధర్నాలు చేస్తున్నాం, ఇప్పుడు న్యూట్రాన్ నక్షత్రమా అని. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఒక్కటే. తలుపూ అడుగుదాం, నక్షత్రమూ అడుగుదాం. మెస్ ఛార్జీలు పెరిగాక సైన్సు చదువుదామని ఆగితే, మనం ఆగిన ఆ కాలంలో సైన్సు ఆగదు. మనం లేకుండా నడిచిపోతుంది.

మేఘనాథ్ సాహా గురించి మీకు తెలియాలి. 1893లో ఢాకా దగ్గర పల్లెలో, తక్కువగా చూసే కులంలో, చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. కలకత్తాలో చదువుకునే రోజుల్లో హాస్టల్ భోజనశాలలో కులం పేరుతో అవమానం పడ్డాడు. 1920లో ఆయన రాసిన సమీకరణం వల్లే నక్షత్రపు వర్ణపటం చూసి దాని ఉష్ణోగ్రత చెప్పగలుగుతున్నాం. పంక్తిలో దూరంగా కూర్చోబెట్టిన వాళ్ళు ఆయనకు నక్షత్రాలను దూరం చేయలేకపోయారు.

న్యూట్రాన్ నక్షత్రాలు నిజంగా వున్నాయని తెలిసింది కూడా ఒక విద్యార్థిని వల్లే. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తున్న జోసెలిన్ బెల్ వయసు 24. మైళ్ళ కొద్దీ కాగితాల మీద గీతలు చూస్తూ, ఒకచోట అర్థం కాని చిన్న గీకుడును వదిలేయకుండా పట్టుకుంది. అదే మొదటి పల్సార్. 1974లో నోబెల్ ఆమె గైడుకు వచ్చింది, ఆమెకు రాలేదు. 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే, మొత్తం సొమ్మును ఫిజిక్సు పరిశోధనలో తక్కువగా కనపడే వర్గాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఇచ్చేసింది. కొత్తగా బయటి నుంచి వచ్చిన వాళ్ళకు అలవాటు పడిన వాళ్ళు చూడనివి కనపడతాయని ఆమె నమ్మకం. నాకూ అదే నమ్మకం.

ఆ రోజు కిటికీలు అదిరాయి

మనకు రాకెట్ చప్పుడు కొత్త కాదు. 2015 సెప్టెంబరు 28న ఉదయం 10 గంటలకు నేను ఎనిమిదో తరగతిలో వున్నాను. కిటికీలు అదిరాయి. మేస్టారు పాఠం ఆపలేదు, మేమూ తల తిప్పలేదు. ఆ రోజు పి.ఎస్.ఎల్.వి. మోసుకెళ్ళింది ఆస్ట్రోశాట్ అని, అందులో ముంబై వాళ్ళు చేసిన లాక్స్‌పిసి అనే పరికరం ఎక్స్ కిరణాల రాకను 10 మైక్రోసెకన్ల కచ్చితత్వంతో రాసుకుంటుందని నాకు అప్పుడు తెలియదు. 2017లో మన దేశపు శాస్త్రవేత్తలు ఆ పరికరంతోనే 4యు 1728-34 లో 815 నుంచి 850 హెర్ట్జ్‌కు జరుగుతున్న కంపనాన్ని, 363 హెర్ట్జ్ తిరుగుడును చూశామని ప్రకటించారు. మన ఊరి మీదుగా పోయిన మోత లోపల నేను ఇప్పుడు చదువుతున్న ప్రశ్న వుంది. మాకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ముఖ్యమైన మాట ఇది. ఆ రిజిస్టరుకు తాళం లేదు. 2018 సెప్టెంబరు నుంచి ఆస్ట్రోశాట్ పాత కొలతలను ఇస్రో అందరికీ తెరిచింది. 2012లో పని ఆపేసిన రోసీ కొలతలన్నీ నాసా ఉచితంగా ఇస్తోంది. కులం అడగరు, ఇంటి పేరు అడగరు, ఫీజు లేదు. నా ప్రాజెక్టుకు నేను దించుకున్నవి అవే. మొదటి మూడు వారాలు తెర మీద గోల తప్ప ఏమీ కనపడలేదు. కంపనం మెల్లగా జరుగుతుంటుంది కదా, మొత్తం కొలతను ఒకేసారి కలిపేస్తే అది చెరిగిపోతుంది. చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో అది ఎక్కడుందో చూసి, జరిపి కలిపితే అప్పుడు చిన్న గుట్ట లేచింది. ప్రపంచానికి అది కొత్తది కాదు. నాకు మాత్రం ఎవరి గైడులోనూ చూడకుండా నేనే తీసిన మొదటి జవాబు. రాత్రి పదకొండింటికి ల్యాబులో ఎవరూ లేరు. వాచ్‌మెన్‌ను పిలిచి చూపించాను. "బాగుంది మా, గదికి తాళం వెయ్యాల" అన్నాడు.

మనం చేయగలిగింది

ఉద్యోగాలు వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో అప్పు వుండి, తమ్ముడి చదువు వుండి, డి.ఎస్సీ.నో గ్రూప్సో రాసే చెల్లెలు చేసేది చిన్న పని కాదు. నేను కూడా నెట్ పరీక్షతో పాటు టీచరు పోస్టుకూ చదువుతున్నాను. కానీ ఎంచుకోవడం వేరు, ఎంచుకునేందుకు ఇంకొకటి వుందనే తెలియకపోవడం వేరు. ఆ రెండోది మనం మార్చగలం. అందుకు నా సూచనలు మూడు.

ఒకటి. స్టడీ అవర్‌లో వారానికి ఒక్క గంట గైడు మూసేద్దాం. ఆ గంటలో జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న ఒకటి తీసుకుందాం. చూసింది ఎంత, అనుకున్నది ఎంత అని రెండు నిలువు వరుసల్లో రాద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండు. పూర్వ విద్యార్థినులైన అక్కలకు విన్నపం. మీరు ఏటా వార్షికోత్సవానికి షీల్డులు, పెన్నులు ఇస్తున్నారు. ఈసారి అందరూ కలిసి ఇంటర్నెట్ వున్న ఒక కంప్యూటర్ ఇవ్వండి. నెలకు ఒక ఆదివారం ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చోండి. డేటా ఉచితంగా వుంది, దాని ముందు కూర్చోబెట్టే మనిషే లేదు. మొదటి ఆదివారం నేను వస్తాను.

మూడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్ళను ముందు భయపెట్టేది లెక్కలు కాదు, మాటలు. ఇంగ్లీషు మాట, దాని తెలుగు అర్థం, ఒక ఉదాహరణ వుండే నోటుబుక్కు ఒకటి లైబ్రరీలో పెడదాం. నేను నా నోటుబుక్కు ఇచ్చేస్తున్నాను. చదివిన ప్రతి ఒక్కరూ దానిలో ఒక్కో పేజీ రాయండి.

చివరగా అమ్మ ప్రశ్న. ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమెకు మిద్దె మీద వృశ్చిక రాశి చూపించాను. తెల్లవారుజామున పనికి పోయేటప్పుడు ఆ తేలు చుక్కలను చిన్నప్పటి నుంచి చూస్తున్నానంది. వాళ్ళ నాయన వాటిని చూసి పొద్దు చెప్పేవాడట. నేను స్కార్పియస్ ఎక్స్-1 వుండే చోటు చూపించి, అది కంటికి కనపడదనీ, అక్కడ ఒక సెకనులో వెయ్యి చుట్లు తిరుగుతున్నదేదో వుందనీ, అదేమిటో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదనీ చెప్పాను. చాలాసేపు చూసింది. "ఎవరికీ తెలియదా? అయితే నువ్వు కనుక్కోరాదూ" అంది.

కూడు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ సంగతి తీరిపోయిందని కాదు, ఆమె కూలికి పోతూనే వుంది. కానీ "చదవొచ్చా?" అని అడిగిన చెల్లెలికి నేను చెప్పలేకపోయిన జవాబు మా అమ్మ చెప్పింది. చెల్లీ, చదవొచ్చు. నోటుబుక్కు లైబ్రరీలో వుంటుంది. ఆదివారం కలుద్దాం.

— మీ అక్క, ఈ వసతి గృహం పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (ఫిజిక్స్)